ఐదు రోజుల గోలీ

రాజమల్లు గారంత భయస్తుణ్ణి అమీర్‌పేట, పంజాగుట్టల్లో నేను ఇంకొకర్ని చూడలేదు. ఆ భయాన్ని చూసి కొన్నేళ్లపాటు హాయిగా నవ్వుకున్నాను. అలా నవ్వినందుకు ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంటుంది. ఎక్కడైనా మాట కరుకుగా పడితే నన్ను నేను తిట్టుకుంటున్నాననుకోండి.

ఆయన పంజాగుట్ట చౌరస్తాకి కాస్త ఇవతల, మెయిన్ రోడ్డు మీదున్న ఒక మందుల షాపులో కౌంటర్ మనిషి. షాపు చలపతిరావు గారిది. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని పొద్దస్తమానం ఫోనులో సాఫ్ట్‌వేర్ కంపెనీల షేర్ల గురించి మాట్లాడేవారు, మందుల సంగతి ఆయనకి పట్టేది కాదు. గోడ మీద ఫ్రేములో వేలాడే ఫార్మసీ సర్టిఫికెట్టు ఇంకెవరిదో. ఆ మనిషిని నేనైతే ఎప్పుడూ చూడలేదు. షాపు నడిచేదంతా రాజమల్లు గారి మీదే. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగి, పదో తరగతితో చదువు ఆపేసి, డెబ్బై ఆరులో పట్నం వచ్చారు. మొదట్లో అదే షాపులో అట్టపెట్టెలు మోశారు. ఇరవై నాలుగేళ్లు గడిచేసరికి, డాక్టర్ల చేతిరాత చదవడంలో డాక్టర్ల భార్యలు కూడా ఆయన ముందు బలాదూర్ అన్న పేరు తెచ్చుకున్నారు.

అంత తెలిసిన మనిషికి చెయ్యి వణకడమేంటని నా విడ్డూరం. తలనొప్పి బిళ్ల ఇవ్వాలన్నా ఎవరికి, వయసెంత, కడుపులో ఏమన్నా పడిందా అని అడిగేవారు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి జావా, ఒరాకిల్ క్లాసులకి పరుగులు తీసే కుర్రాళ్లు కౌంటర్ దగ్గర గంతులేసేవారు.

"అన్నా, జర జల్దీ ఇయ్యి, క్లాస్ స్టార్ట్ అయితది!"

"క్లాస్ రేపు సుత ఉంటది బిడ్డా. నువ్వు సుత ఉండాలె గదా," అని ఆయన స్ట్రిప్పు మీద గడువు తేదీ రెండోసారి చూసేవారు. వాళ్లు ఆయనకి ఫికర్ అన్న అని పేరు పెట్టారు. ఆయన ఆ పేరుకీ పలికేవారు.

నేను వారపత్రికకి డిటెక్టివ్ సీరియళ్లు రాస్తాను. మాది కాకినాడ. నా పేరు సీతామహాలక్ష్మి. మా ఆవిడ పప్పులో పోపు పెడుతూనే మనుషుల్ని చంపేస్తుందని మా ఆయన జోగారావు గారు స్నేహితుల దగ్గర చెప్పుకుని మురిసిపోతుంటారు. మా ఆయన బీపీ మాత్రల కోసం వెళ్తూ రాజమల్లు గారితో పరిచయం పెంచుకున్నాను. రెండు వేల సంవత్సరం జనవరిలో కొత్త సీరియల్‌కి విషం కావలసివచ్చి, షాపు ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం ఆయన్నే అడిగేశాను.

"రాజమల్లు గారూ, మందూ అదే, విషమూ అదే అయ్యేది ఏదైనా చెప్పండి. కథకేనండీ బాబూ, మా ఆయనకి కాదు."

ఆయన మొహం మాడిపోయింది. "గట్ల అడగొద్దు మేడం," అని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. నేను నవ్వుకుంటూ ఇంటికొచ్చేశాను. పది రోజుల తర్వాత వెళ్తే ఆయనే అరలోంచి ఒక స్ట్రిప్పు తీసి కౌంటర్ అద్దం మీద పెట్టారు. చిన్న చిన్న తెల్ల బిళ్లలు. డిజాక్సిన్.

"ఇది మా కొమురమ్మ గోలీ మేడం. చిన్నప్పుడు కీళ్ల జరమొచ్చి ఆమె గుండె కవాటం ఖరాబైంది. పన్నెండేండ్ల సంది గీ గోలీ మీదనే బతుకుతుంది. చలిదేశాల పూసే ఏదో పూలచెట్టు ఆకుల నుంచి తీస్తరట. మన గన్నేరుకు ఇది దూరపు చుట్టమని ఒక డాక్టర్ సార్ చెప్పిండు."

గన్నేరు పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతు దిగిపోయింది. చిన్నతనంలో వాళ్ల పక్కింటి మగ్గం మనిషి పని లేక, ఇల్లు గడవక గన్నేరు పప్పు తిన్నాడట. అతన్ని నులకమంచం మీద మోసుకెళ్తుంటే, పన్నెండేళ్ల ఈయన పక్కనే నడుస్తూ అతని చెయ్యి పట్టుకున్నారట. నాడి కొట్టుకోవడం, ఆగడం, మళ్లీ కొట్టుకోవడం ఆ వేళ్లకి తెలుస్తూనే ఉందట. ఆసుపత్రి రాకముందే ఇంక తెలియలేదు. అదే జాతి మందు పన్నెండేళ్లుగా తన భార్య గుండెని నడిపిస్తుండటం ఆయనకి ఎంత ఆశ్చర్యమో అంత భయం.

"గిది సాఫ్ట్‌వేర్ గోలీ మేడం. ఐదు దినాలే డ్యూటీ. శనారం, ఐతారం సెలవు," అని నవ్వించబోయారు. ఈ మందు ఒంట్లో పేరుకుపోతుందని డాక్టర్లు వారంలో రెండు రోజులు ఆపిస్తారట. "పేరుకున్నదనుకో, ముందుగాల అన్నం సయించదు. కడుపుల తిప్పుతది. తర్వాత కండ్లకు ఏది చూసినా పసుపు రంగే కనబడ్తది. గుండె నెమ్మదైతది."

అంటూ అద్దం మీద వేలితో కొట్టి చూపించారు. ఒక దెబ్బ. ఆగి, ఇంకో దెబ్బ. ఇంకాస్త ఆగి, ఇంకోటి. నేను గబగబా చీటీ మీద రాసుకున్నాను.

సీరియల్ మే నెలలో మొదలైంది. అందులో హంతకుడు మందుల షాపు మనిషి. భార్యకి రోజూ వేసే గుండె బిళ్లని కాఫీలో ఎక్కువ కలిపి చంపేస్తాడు. మొదటి రాతలో నేను ఆ పసుపు రంగు పెట్టాను. ఆమె పది రోజులు అన్నం మానేస్తుంది, లోకమంతా పసుపుగా కనిపిస్తుందని భర్తతో చెబుతుంది, అతను వినీ విననట్టు ఊరుకుంటాడు. తీరా చూస్తే నాకిచ్చింది వారానికి రెండున్నర పేజీలు. అన్నం సహించని ఆడమనిషి గురించి రెండు వారాలు ఎవరు చదువుతారు? కొట్టేశాను. కాఫీ తాగింది, గుండె పట్టుకుంది, పడిపోయింది. ఎడిటర్ గారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు.

"నన్నే పెట్టిన్రు గదా మేడం," అన్నారు రాజమల్లు గారు ఆ వారం. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వేశాను. హాస్టల్ కుర్రాళ్లకి అది నెలరోజుల పండగైంది. "ఫికర్ అన్నా, ఇయ్యాల కాఫీ ఎవరికి?" అని అడిగి వెళ్లేవారు. ఆయనకి అది బాధగా ఉందని నాకు తెలుసు. అయినా రాస్తూ పోయాను.

రాజమల్లు గారింట్లో కూడా సీరియల్ నడిచేది. బల్కంపేటలో మేడమీద రెండు గదుల ఇల్లు. వాళ్లకి ఒక్కతే కూతురు, పూజ. డిగ్రీ అయ్యి అమీర్‌పేటలో జావా నేర్చుకుంటోంది. ప్రతి వారం పత్రిక కొని, చదువు రాని తల్లికి పైకి చదివి వినిపించేది. నేను వెళ్తే, "ఆంటీ, వాడు పట్టువడ్తడా?" అని పట్టుకునేది. కొమురమ్మ మాత్రం పకపకా నవ్వేది.

"మా ఆయన బొద్దెంకను సుత చంపడు చెల్లె. చీపురు నా చేతికిచ్చి బయటికి పోతడు."

ఆ ఇంట్లో బిళ్ల పద్ధతి నా కళ్లారా చూశాను. స్ట్రిప్పులు ఇనప పెట్టెలో ఉంటాయి, తాళంచెవి ఆయన మొలతాడుకి. పొద్దున్న ఆరింటికి ఒక్క బిళ్ల తీసి, ఆమె నాలుక మీద తనే పెట్టి, మంచినీళ్ల గ్లాసు అందించి, మింగేదాకా నిలబడి, గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ పక్కన చిన్న గీత గీసేవారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా. కూతుర్ని కూడా ఆ పెట్టె ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఆషాఢం వచ్చింది. పూజకి ఉద్యోగం రావాలని కొమురమ్మ బల్కంపేట ఎల్లమ్మకి బోనం మొక్కుకుంది. తనే నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్తానని మొక్కు. దానికోసం ఆదివారం, మంగళవారం ఒక్కపొద్దు ఉండటం మొదలుపెట్టింది. నెల నడిమికి వచ్చేసరికి అన్నం సహించడం మానేసింది. కడుపులో వికారం. అన్నం సహించదు, కడుపులో తిప్పుతుంది అని నాకు చెప్పిన మనిషికి అది తట్టలేదా అని మీరడుగుతారు. తట్టిందట. తట్టగానే ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న.

"కండ్లకు ఏమన్న పసుపుగ కనబడ్తుందా?"

"లే," అంది కొమురమ్మ.

ఆ ఏడాది వానలకి ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో నీళ్లు చెడి కుర్రాళ్లకి వరసగా కామెర్లు. రాజమల్లు గారు రోజూ ఇరవై గ్లూకోజు ప్యాకెట్లు అమ్ముతున్నారు. భార్య కనురెప్ప ఎత్తి చూస్తే కొంచెం పచ్చగా ఉన్నట్టే అనిపించింది. కామెర్లు అని తేల్చేశారు. పరీక్ష చేయించారా అంటే, లేదు. ఇరవై నాలుగేళ్లు ఇంగ్లీషు మందులు అమ్మిన మనిషి, కామెర్లకి మాత్రం ఇంగ్లీషు మందుల్లో మందు లేదు, పసరే వేయించాలి అన్నారు. ఆయన్నేం అనను. మా ఇంట్లోనూ అదే నమ్మకం, మాకు తెలిసిన ఒక డాక్టరు గారింట్లోనూ అంతే. మూసాపేట అవతల ఎవరో ఇస్తారంటే ఆదివారం తెల్లారగానే తీసుకెళ్లి పరగడుపున తాగించారు. మూడు రోజులు వరసగా తాగాలన్నారు, తాగింది. విరేచనాలు పట్టుకున్నాయి. లోపలి చెడంతా పోతోందని అందరూ సంతోషించారు. ఉప్పు లేదు, నూనె లేదు, చప్పిడి పథ్యం. మజ్జిగన్నం రెండు ముద్దలు దిగితే గొప్ప.

గుండె బిళ్ల మాత్రం ఆపకూడదు కదా. పొద్దున్న ఆరింటికి ఆయన చేత్తో అది పడుతూనే ఉంది.

గురువారం ఉదయం పదకొండింటికి ఆమెని చూసిరావడానికి వెళ్లాను. పూజ క్లాసుకి పోయింది. కొమురమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. మనిషి సగమైపోయింది. నన్ను చూసి, తలుపు దగ్గరకి వెయ్యమని సైగ చేసింది.

"నీకొక్కదానికే చెప్తున్న చెల్లె. ఎవ్వరికి చెప్పకు. వారం దినాల సంది నా కండ్ల నిండ పసుపే. గోడ పసుపు. అన్నం పసుపు. గీ నీ చీర సుత మంచిగ పసుపు పూసినట్టున్నది."

నేను కట్టుకున్నది తెల్ల నేతచీర.

"అమ్మే వచ్చింది," అంది కొమురమ్మ. మొహం వెలిగిపోతోంది. "బోనం ముందుగాలనే నా ఇంటికి వచ్చింది. మా ఆయన అడిగిండు పసుపు కనబడ్తుందా అని. అమ్మ వచ్చినప్పుడు చెప్పుకుంటే పోతది. అందుకే లేదన్న. చెప్తే బోనం సుత ఎత్తనియ్యడు."

మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. రెండున్నర పేజీల కోసం నేను కొట్టేసిన పసుపు అది. ఆ ముక్క పత్రికలో పడుంటే పూజ దాన్ని ఈ మంచం పక్కనే కూర్చుని తల్లికి చదివి వినిపించేది. పడలేదు కాబట్టి ఈ ఇంట్లో ఆ రంగు సంగతి తెలిసింది ఒక్క రాజమల్లు గారికే. ఆయనకి ఈమె అబద్ధం చెప్పింది.

ఆమె మణికట్టు పట్టుకున్నాను. చల్లగా ఉంది. మొదట నాడి దొరకలేదు. దొరికాక వేలు కదపకుండా కూర్చున్నాను. ఒకటి కొట్టుకుంది. నా గుండె దడదడలాడుతోంది, ఆమెది రాదు. పోయిందనుకున్నాను. వచ్చింది. మళ్లీ లేదు. ఆరు సీరియళ్లలో పదకొండు మందిని చంపిన దాన్ని, ఒక్క మనిషి నాడి లెక్కపెట్టలేక మూడుసార్లు మళ్లీ మొదటికొచ్చాను.

కింద వాటా వాళ్లింటికి పరుగెత్తి షాపుకి ఫోన్ చేశాను. ఎంగేజ్. మళ్లీ చేశాను. ఎంగేజ్. చలపతిరావు గారి షేర్లు పెరుగుతున్నాయో తరుగుతున్నాయో, ఆయన్ని నోరారా తిట్టి రోడ్డు మీదకొచ్చి ఆటో ఆపాను. కొమురమ్మ రానంటే రానంది. ఆసుపత్రిలో అడిగితే చెప్పాల్సివస్తుంది, చెబితే అమ్మ వెళ్లిపోతుందని ఆమె భయం. నేను అబద్ధమాడాను.

"బోనం ఎత్తాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి కదక్కా. ఒక సీసా గ్లూకోజు ఎక్కించుకుని వచ్చేద్దాం. ఆయనే రమ్మన్నారు."

ఆటో గుడి వీధి దాటడానికే యుగమైంది. బోనాల పందిళ్లకి రోడ్డు సగం పోయింది. అమీర్‌పేట చౌరస్తా దగ్గర క్లాసులు వదిలే వేళ. ఫైళ్లు పట్టుకున్న పిల్లలు రోడ్డుకి అడ్డంగా నది పారినట్టు పారుతున్నారు. ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఎవరో ఒకతను లోపలికి వంగి, "ఆంటీ, జావా ఫ్రీ డెమో, ఈవినింగ్ ఫోర్‌కి," అని కొమురమ్మ ఒళ్లో ఒక కాగితం పడేసి పోయాడు. ఆమె దాన్ని ఎత్తి చూసి, "గిది సుత పసుపే," అని నవ్వింది. అది నిజంగానే పసుపు కాగితం. నాకు ఏడుపొచ్చింది. ఆమె చెయ్యి వదల్లేదు నేను. నాడి ఆగినప్పుడల్లా మా ఊరి దేవుళ్లందర్నీ పిలిచాను.

షాపు ముందు ఆటో ఆపి, దిగకుండానే కేక పెట్టాను. రాజమల్లు గారు ఎవరికో దగ్గు మందు ఇస్తూ తలెత్తారు. ఆటోలో భార్యని చూశారు, నన్ను చూశారు.

"పసుపు కనిపిస్తోందట," అన్నాను. "వారం నుంచి."

సీసా ఆయన చేతిలోంచి జారి పగిలింది. కౌంటర్ పక్కనున్న తలుపు తీయడం కూడా మరిచిపోయి, యాభై ఆరేళ్ల మనిషి ఆ అద్దాల అర ఎక్కి ఇవతలికి దూకారు. ఆటోలో కూర్చుని ఆమె రెండో చెయ్యి పట్టుకున్నారు. పంజాగుట్ట పెద్దాసుపత్రి చేరేదాకా ఒకే మాట అంటూ ఉన్నారు. "ఇయ్యాల పొద్దుగాల సుత ఇచ్చిన మేడం. నా చేతితోనే ఇచ్చిన." ఆయన వేళ్లు నాడి మీదున్నాయి. ఆ వేళ్లకి ఏం గుర్తొస్తోందో నాకు తెలుసు కాబట్టి ఆయన మొహం చూడలేకపోయాను.

క్యాజువాలిటీలో ఆమెకి వైర్లు తగిలించారు. నాడి ముప్పై ఆరు. డ్యూటీ డాక్టర్ చిన్నవాడు, ముప్పై కూడా ఉండవు. చకచకా సెలైన్ పెట్టించి, రక్తం తీయించి, మేం చెప్పిన మందు పేరు రాసుకున్న కాగితం పట్టుకుని మా వైపు వచ్చాడు.

"డిజాక్సిన్ ఎవరిస్తున్నారు ఈమెకి?"

"నేనే సార్."

"ఎంత?"

"దినానికొకటి సార్. సోమారం నుంచి శుక్రారం దాక."

"మీరేం చేస్తుంటారు?"

"మెడికల్ షాపుల పని చేస్త సార్."

డాక్టరు కలం ఆగింది. ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. రక్తంలో మందు లెక్క తెలిసేదాకా తనేమీ చెప్పలేనని, ఎక్కువ తేలితే పోలీస్ ఔట్‌పోస్టుకి కాగితం పంపడం రూలని, ఎక్కడికీ వెళ్లొద్దని అన్నాడు. మామూలుగానే అన్నాడు. రాజమల్లు గారు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నారు. మందుల షాపు మొగుడు, గుండె జబ్బు పెళ్లాం, రోజూ తన చేత్తోనే ఇచ్చే బిళ్ల. ఇదంతా రాసింది నేను. నేను రాసిందే ఆ డాక్టరు మొహంలో కనిపించింది.

ఆసుపత్రి ఫోను నుంచి ఇన్‌స్టిట్యూట్‌కి కబురు చేస్తే పూజ అరగంటలో పరుగున వచ్చింది. తల్లిని అద్దంలోంచి చూసింది. డాక్టరుతో మాట్లాడింది. తర్వాత తండ్రి దగ్గరకి వచ్చి నిలబడింది. కూర్చోలేదు.

"బాపు. ఎన్ని ఇచ్చినవ్?"

"ఒక్కటే బిడ్డా."

"నిజం చెప్పు బాపు."

ఆయన కళ్లెత్తి కూతురి మొహం చూశారు. అప్పుడు ఆయన మొహంలో కనిపించిన భయం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. షాపులో గడువు తేదీల భయం, ఆటోలో నాడి భయం దీని ముందు ఏ మూలకీ రావు. ఆ పిల్ల మీద గట్టిగా అరవాలనిపించింది నాకు. ఏమని అరుస్తాను? ప్రతి వారం ఆ అనుమానాన్ని రెండున్నర పేజీల చొప్పున దాని బుర్రలో పోసింది నేనే కదా.

"తాళంచెవి ఇయ్యి," అంది పూజ.

ఆయన చొక్కా ఎత్తి మొలతాడు విప్పబోయారు. ముడి రాలేదు. చాలాసేపు లాగి, చివరికి దారాన్ని పళ్లతో కొరికి తెంపి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు. పూజ బల్కంపేట వెళ్లి, ఇనప పెట్టెలోని స్ట్రిప్పులన్నీ, గోడ మీది క్యాలెండరూ తీసుకుని తిరిగి వచ్చింది. నడవాలో బెంచీ మీద అన్నీ పరుచుకుని కూర్చుంది. ఖాళీ గుంటలు లెక్కపెట్టింది. క్యాలెండర్లో గీతలు లెక్కపెట్టింది. వేలు పెట్టి మళ్లీ మొదటినుంచి. రాజమల్లు గారు ఎదురు గోడ దగ్గర నిలబడి ఆ వేలునే చూస్తున్నారు. ఒక్క గుంట ఎక్కువ తేలినా ఆ తండ్రి ఆ పిల్లకి మళ్లీ తండ్రి కాడు.

"సరిపోయిందా బిడ్డా?" అన్నారు ఆయన.

"సరిపోయింది బాపు." ఆ మాట అన్నప్పుడు పూజ తలెత్తలేదు.

సాయంత్రం నాలుగింటికి రక్తం రిపోర్టు వచ్చింది. మందు చాలా ఎక్కువే ఉంది. కానీ పెద్ద డాక్టరు ఒకాయన వచ్చి అన్నీ అడిగారు. ఒక్కపొద్దులు, పసరు, విరేచనాలు, ఉప్పు లేని పథ్యం. అన్నీ విని, ఔట్‌పోస్టుకి ఏమీ పంపనక్కర్లేదన్నారు. ఒంట్లో నీళ్లు ఇంకిపోయాయట, లవణాలు పడిపోయాయట, మూత్రపిండాలు మందుని బయటికి తోయడం మానేశాయట. పన్నెండేళ్లు ఆమెని బతికించిన ఆ ఒక్క బిళ్లే, అదే లెక్కలో, ఈ పదిహేను రోజులూ లోపల పేరుకుంటూ వచ్చిందట. కామెర్లు అసలు లేనే లేవు.

"మీ డోసులో తప్పేమీ లేదు," అని రాజమల్లు గారి భుజం తట్టి వెళ్లారు.

మర్నాటికి నాడి నలభై ఎనిమిది. శనివారం ఉదయం అరవై దాటింది. కొమురమ్మ లేచి కూర్చుని రెండు ఇడ్లీలు తింది. నేను వెళ్లేసరికి తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"పోయింది చెల్లె. అంతా మామూలైంది. నీకు చెప్పినందుకే పోయిందేమో."

"లేదక్కా," అన్నాను.

బయట నడవాలో రాజమల్లు గారి పక్కన కూర్చుని నా పాపం చెప్పుకున్నాను. పసుపు సంగతి రాసి కొట్టేశానని, కొట్టేయకపోతే ఇంత దాకా వచ్చేది కాదని. సీరియల్ ఆపేశానని కూడా చెబుదామనుకున్నాను, అది అబద్ధమవుతుంది. ఆ వారం భాగం అప్పటికే అచ్చయి బజార్లో ఉంది, మిగతావి కూడా రాస్తానని నాకు తెలుసు. ఆయన తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు.

"ఎక్కడన్న నా తప్పు దొరికితే బాగుండు మేడం," అన్నారు. "రెండు గోలీలు ఇచ్చి ఉంటే, శనారం నాడు మరిచిపోయి ఇచ్చి ఉంటే, ఇంకోసారి గట్ల చెయ్యనని అనుకుంటుంటి. నేను సరిగ్గ ఇచ్చిన. సరిగ్గ ఇచ్చుకుంటనే చంపుతుంటి. గిప్పుడు దేనికి భయపడాలె? నాకు తెలుస్తలేదు."

బెంచీకి ఆ చివర పూజ ఒళ్లో క్యాలెండరు పెట్టుకుని కూర్చుని ఉంది. తండ్రికీ ఆమెకీ మధ్య ఇద్దరు మనుషులు పట్టేంత జాగా. రెండు రోజులుగా వాళ్లిద్దరూ భోజనం గురించి, బట్టల గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు.

నర్సు తలుపు తీసి, చిన్న మందుల గిన్నెతో బయటికి వచ్చింది. "కొమురమ్మ తాలూకు ఎవరండీ? ఈ బిళ్ల మింగించాలి, లోపలికి రండి."

ఇద్దరూ లేచారు. రాజమల్లు గారు ఒక అడుగు వేసి, కూతురి వైపు చూసి, వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. పూజ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.